పదకొండు లెన్సులు, ఒక ఉయ్యాల కొక్కెం

ఆ రోజుల్లో ఫోటో అంటే ఫోనుతో అయిపోయే పని కాదు. ఫోన్లలో కెమెరాలు వచ్చాయిగానీ, వాటితో తీసిన బొమ్మలో పెళ్ళికూతురెవరో పక్కన తోడు పెళ్ళికూతురెవరో ఆ ఇంటివాళ్ళే చెప్పాలి. అందుకని నాలాంటివాళ్ళు మెడలో పెద్ద కెమెరా వేలాడేసుకుని, భుజానికి సంచీ తగిలించుకుని, తెల్లవారగానే గోదావరి గట్టు మీద తిరుగుతూ ఉండేవాళ్ళం. మాలో ఫోటోలు బాగా తీసేవాళ్ళు కొందరు, కెమెరాలు బాగా కొనేవాళ్ళు కొందరు. నేను ఏ కోవకి చెందుతానో మీకు ఇప్పటికే తెలిసిపోయి ఉంటుంది. ఇప్పుడు అద్దం ముందు నెరిసిన గడ్డం గీసుకుంటూ ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే చెవి మెలిపెట్టాలనీ అనిపిస్తుంది, పక్కన కూర్చోబెట్టుకుని మంచి కాఫీ ఇప్పించాలనీ అనిపిస్తుంది.

అప్పటికి నాకు రాజమండ్రిలో గుమాస్తా ఉద్యోగం వచ్చి నాలుగేళ్ళు, పెళ్ళయి రెండేళ్ళు. అద్దెకున్న పోర్షన్లో ముందు ఒక హాలు, మధ్యలో ఒక గది, వెనక వంటిల్లు. ఆ మధ్యగది నా కెమెరాలది. మూడు కెమెరాలు, పదకొండు లెన్సులు, నాలుగు స్టాండ్లు, ఏడు సంచులు, రెండు తెల్ల గొడుగులు (వెలుతురు పరచడానికి; వానకి పనికిరానివి). ఒక్కోదానికీ ఒక్కో కారణం ఉండేది. లకుముకిపిట్ట కోసం జానెడు గొట్టం, చీమ కాలి మీద వెంట్రుక కోసం ఇంకొకటి, మూడు వంతెనలూ ఒకే బొమ్మలో పట్టడానికి మరొకటి. లకుముకిపిట్ట ఎదురుగా తీగ మీద కూర్చున్న ఒకే ఒక్కసారి నేను ఏ లెన్సు పెట్టాలా అని సంచులు వెతుక్కుంటున్నాను. సంచులు ఏడు ఎందుకయ్యాయంటే, ఏ సంచీ కొన్నా దానికి ఒక జేబు తక్కువయ్యేది.

మా ప్రాంతం గాలిలో చెమ్మ ఎక్కువ. పట్టించుకోకపోతే వానాకాలంలో లెన్సు లోపల బూజు పడుతుంది. అందుకని లెన్సులున్న బీరువాలో చిన్న బల్బు ఒకటి పగలూ రాత్రీ వెలిగేలా పెట్టాను. ఆఫీసులో ఎవరు కొత్త చెప్పులు కొన్నా, అట్టపెట్టెలో వచ్చే గుళికల పొట్లాలు (చెమ్మని పీల్చేవి) నా బల్ల మీదికి వచ్చేవి. "బాలింత గదికైనా ఇంత జాగ్రత్త చేయరండీ ఎవరూ" అనేది మా ఆవిడ. ఆ మాట అన్న కొద్ది నెలలకే తను పురిటికి పుట్టింటికి, మొగల్తూరు వెళ్ళింది.

వెళ్ళేముందు మధ్యగది గుమ్మంలో నిలబడి, శ్లాబుకి వేలాడుతున్న ఇనప కొక్కేన్ని చూపించింది. ఇంటాయన ఇల్లు కట్టేటప్పుడే ఉయ్యాల కోసం వేయించినది. మొత్తం పోర్షన్లో అదొక్కటే. ఆ కొక్కేనికి నేను మూడు సంచులు తగిలించి ఉంచాను.

"మూడో నెలలో వస్తామండి. వచ్చేసరికి ఆ కొక్కేనికి ఉయ్యాలుండాలి, ఈ గదిలో ఇంకేమీ ఉండకూడదు. ఒక కెమెరా, ఒక లెన్సు ఉంచుకోండి. మిగతావి ఎవరికి ఇస్తారో మీ ఇష్టం" అంది. గట్టిగా కూడా అనలేదు. గట్టిగా అని ఉంటే వాదించేవాణ్ణి.

ఆడపిల్ల పుట్టింది. ఇరవయ్యొకటో రోజున బారసాలకి రెండు కెమెరాలు, ఆరు లెన్సులు పట్టుకుని మొగల్తూరు వెళ్ళాను. పళ్ళెంలో బియ్యం పోసి అందులో ఉంగరంతో పేరు రాయవలసినది తండ్రి. ఆ తండ్రి ఆ సమయానికి బియ్యం మీద వెలుతురు సరిగ్గా పడడం లేదని కిటికీ దగ్గర లెన్సు మారుస్తున్నాడు. పురోహితుడుగారు చూసి చూసి, "నాయనా, ఆ గొట్టం పక్కన పెట్టి ఈ ఉంగరం పట్టుకోండి, ముహూర్తం దాటిపోతోంది" అన్నారు. అందరూ నవ్వారు. మా అత్తగారు మాత్రం నవ్వలేదు. పాపని గుండెకి మరికాస్త దగ్గరగా పెట్టుకుని నా వంక ఒకలాగా చూశారు. ఆ చూపు సంగతి నాకు చాలా రోజుల తర్వాతగానీ అర్థం కాలేదు.

రాజమండ్రి తిరిగొచ్చి, బుద్ధిగా నాలుగు చోట్ల చెప్పాను, సామాను అమ్ముతానని. మొదటి వారంలోనే కొవ్వూరు నుంచి ఒకాయన స్కూటరు మీద వంతెన దాటి వచ్చాడు. పెళ్ళిళ్ళకి ఫోటోలు తీసే స్టూడియో ఆయన. బట్టతల, చొక్కా జేబులో రెండు పెన్నులు, మాట మాటకీ "ఆయ్". అన్నీ కలిపి తానే తీసుకుంటానన్నాడు. పెద్ద లెన్సు చేతికిచ్చాను. దాన్ని ఆయన ముందూ వెనకా తిప్పి చూస్తుంటే నా ప్రాణం విలవిల్లాడింది.

"దీన్ని ఎక్కడ పెడతారండీ?" అని అడిగాను.

"సంచీలో పెడతానండి."

"సంచీ ఎక్కడ పెడతారు?"

"పెళ్ళివారింట్లో ఎక్కడ చోటుంటే అక్కడేనండి. వంటవాళ్ళ దగ్గరైతే ఎవడూ ఎత్తుకుపోడండి."

వంటవాళ్ళ దగ్గర! బూరెలు వేయించే మూకుడు పక్కన నా లెన్సు! వారానికోసారి గుళికలు మారుస్తారా, వాన పడితే ఏం చేస్తారు, స్టూడియోలో గోడలు చెమ్మెక్కుతాయా అని అరగంటసేపు ప్రశ్నలు వేశాను. పాపం ఆయన పిల్లనడగడానికి వచ్చినవాడిలా ఒళ్ళు దగ్గర పెట్టుకుని జవాబులు చెప్పాడు. కాఫీ ఇచ్చాను, కాజాలు పెట్టాను. చివరికి లెన్సు ఇవ్వాల్సిన సమయానికి నా నోటి నుంచి వచ్చిన మాట, "ఇవాళ మంగళవారం కదండీ, ఇంట్లోంచి వస్తువు బయటికి ఇవ్వకూడదు" అని. అంతకుముందు వారాల పట్టింపు నాకు ఉన్నట్టు నాకే తెలియదు.

"ఆయ్, నిజమేనండి. మళ్ళీ వస్తానండి" అని ఆయన స్కూటరెక్కాడు.

సాయంత్రం ఫోనులో మా ఆవిడ, "గది ఎంతవరకు వచ్చిందండీ?" అని అడిగింది. మంగళవారం సంగతి చెప్పాను. తను ఏదో అనబోతుండగా వెనక నుంచి అత్తగారి గొంతు వినిపించింది. "మంచిపని చేశారమ్మా అల్లుడుగారు. మంగళవారం ఇవ్వకూడదు." ఆవిడ ఇలా నా పక్షాన మాట్లాడడం అదే మొదటిసారి. ఎంత మంచావిడో అనుకున్నాను.

రెండోసారి ఆయన శుక్రవారం వచ్చాడు. శుక్రవారం అసలే పనికిరాదు. మూడోసారి వచ్చిన రోజు మంగళవారమూ కాదు, శుక్రవారమూ కాదు. క్యాలెండరు ముందు నిలబడి వెతికితే, దేవుడి దయవల్ల అమావాస్య దొరికింది. ప్రతిసారీ ఆయన "నిజమేనండి" అనేవాడు, నేను కాజాలు పెట్టేవాణ్ణి, ఫోనులో అత్తగారు "మంచిపని చేశారు" అనేవారు. ఈలోగా మూడో నెల గడిచిపోయింది. గది ఖాళీ కాలేదు కాబట్టి ప్రయాణం ఆగింది. "నాలుగోది సరి నెల కదా బాబూ, చంటిపిల్లని సరి నెలలో పంపం. ఐదో నెలలో చూద్దాం" అన్నారు అత్తగారు. నాకు పైకి బాధగానూ లోపల వెసులుబాటుగానూ ఉంది. ఇంకో నెల రోజులు పదకొండు లెన్సులూ నావే.

నాలుగోసారి కొవ్వూరు ఆయన బుధవారం, దశమి రోజున, ఏ వంకా దొరకనంత మంచిరోజు చూసుకుని వచ్చాడు. నేను ఆలోచించడానికి కూడా ఆగలేదు. "మూఢం కదండీ ఇప్పుడు?" అన్నాను.

ఆయన కాజా నోట్లో పెట్టుకోబోతున్నవాడల్లా ఆగాడు. "మూఢమేంటండీ? ఈ నెలంతా నాకు పెళ్ళిళ్ళే కదండీ! మూఢం వస్తే పంతులుగారి కన్నా ముందు నాకు తెలుస్తాదండి. పెళ్ళిళ్ళుండవు, మా ఇంట్లో పొయ్యి సగమే వెలుగుద్ది. వచ్చే నెల పదో తారీఖు నుంచి వస్తాదండి, రెండు నెలలు."

పెళ్ళిళ్ళ ఫోటోగ్రాఫరుతో మూఢం గురించి అబద్ధమాడకూడదని అప్పుడు తెలిసింది. కానీ పరువు పోయినవాడికి తెగింపు ఎక్కువ. "దగ్గర పడిందన్నమాట. అయితే అది వెళ్ళిపోయాకే చూసుకుందామండీ, అంత పెద్ద సామాను కదా" అన్నాను. ఆయన నా మొహంలోకి చూసి, నెమ్మదిగా తల ఊపాడు. అమ్మడం ఇష్టం లేనివాళ్ళని ఆయన ముందు కూడా చూసే ఉంటాడు. "అలాగేనండి. మీకు ఎప్పుడు మనసైతే అప్పుడు ఫోన్ చేయండి" అన్నాడు. మనసు అన్న మాట దగ్గర నేను కిటికీలోంచి బయటికి చూశాను.

ఆ సాయంత్రం ఫోనులో ఈ మూఢం కబురు కూడా గొప్పగా చెప్పాను. నేను మొదలుపెట్టేదాకా మా అత్తవారింట్లో అలాంటివి పట్టించుకునేవారే లేరు. మామగారు సైన్సు మాస్టారుగా చేసి రిటైరైన మనిషి. పంచాంగం వాళ్ళింట్లో మేకుకి వేలాడుతుందే తప్ప ఎవరూ తెరవరు. కాబట్టి నేను చెప్పకపోతే వాళ్ళకి తెలిసేదే కాదు. చెప్పాను.

ఐదో నెల వచ్చింది. ఈ నాలుగు నెలల్లో నేను పాపని చూసింది మూడుసార్లు. ప్రతిరోజూ ఫోను పాప చెవి దగ్గర పెట్టేవాళ్ళు; నాకు ఊపిరి చప్పుడు, ఎప్పుడైనా ఒక "ఊ" వినిపించేది. ఆఫీసులో ఫైళ్ళ మధ్య ఆ "ఊ" గుర్తొచ్చి నాలో నేను నవ్వుకునేవాణ్ణి. ఇంక ఉండబట్టక ఒక రోజు నేనే అడిగాను. "ఐదో నెల కదండీ, ఎప్పుడు పంపుతారు?"

"మూఢం కదా బాబూ" అన్నారు అత్తగారు.

"మీకు అవన్నీ పట్టింపు లేదు కదండీ!"

"లేదు బాబూ. కానీ మీరు చెప్పాక తెలిసీ ఎలా పంపుతాం? గొట్టాలే కదల్చకూడదన్నప్పుడు చంటిపిల్లని కదుపుతామా? మూఢం ఆరో నెల దాకా ఉందిట, పంతులుగార్ని అడిగాను. ఆరు సరి నెల. ఇంక ఏడో నెలే."

ఫోను పెట్టేసి హాల్లో కూర్చున్నాను. ఆవిడ గొంతులో కోపం లేదు, ఎత్తిపొడుపు లేదు. ఉన్నది సంతోషం. ఒక్కసారిగా, బారసాలనాటి ఆ చూపుతో సహా, అంతా తెలిసింది. ఇన్నాళ్ళూ ఆవిడ నన్ను సమర్థించింది నా లెన్సుల మీద ప్రేమతో కాదు. నేను వంక వెతికిన ప్రతిసారీ ఆవిడకి మనవరాలితో ఇంకో వారం దొరికేది. ఏ వంకకి ఏ వారమో, ఏ తిథో నేనే కూర్చుని నేర్పించాను.

అయినా సిగ్గు లేని మనసు అప్పటికీ గది వంకే లాగేది. పది రోజులు పోయాక ఒక ఆదివారం ఉదయం, లెన్సులన్నీ దుప్పటి మీద పరిచి, గుళికలు మారుస్తూ కూర్చున్నాను. ఫోను హాల్లో ఉంది. పని ముగించి బయటికి వచ్చేసరికి మా ఆవిడ మూడుసార్లు ఫోన్ చేసి మానేసింది. తిరిగి చేస్తే ఎవరూ ఎత్తలేదు. సాయంత్రం మామగారు ఫోన్ చేసి, రాజమండ్రి వచ్చే బస్సు డ్రైవరుకి ఒక డబ్బా ఇచ్చామనీ బస్టాండుకి వెళ్ళి తీసుకోమనీ చెప్పారు. వెళ్ళి తెచ్చుకుని మూత తీశాను. బొబ్బట్లు. ఇంకా వెచ్చదనం పోలేదు.

మా వైపు పిల్ల మొదటిసారి బోర్లా పడితే బొబ్బట్లు చేసి పంచుతారు. మా పాప ఆ ఉదయం బోర్లా పడిందన్నమాట. ఊరంతా తిన్నాక తండ్రి వాటా బస్సులో వచ్చింది. ఒక బొబ్బట్టు తుంచి నోట్లో పెట్టుకున్నాను. నెయ్యి బాగా వేశారు, కొబ్బరి కూడా వేశారు, మిగతా ముక్క తిరిగి డబ్బాలో పెట్టేశాను. పక్కనే దుప్పటి మీద పదకొండు లెన్సులూ వరసగా, బూజు మచ్చ లేకుండా మెరుస్తున్నాయి. వాటిని అంత శుభ్రంగా ఉంచినందుకు నా మీద నాకే ఏడుపు వచ్చింది. ఏడ్చాను కూడా, చెప్పుకోవడానికి సిగ్గేముంది.

శుక్రవారం నాడు ఆఫీసుకి సెలవు పెట్టి కొవ్వూరు ఆయనకి ఫోన్ చేశాను. "ఇవాళే వచ్చేయండి. అన్నీ తీసుకెళ్ళిపోండి."

"ఇవాళ శుక్రవారమండి" అన్నాడు ఆయన.

"పరవాలేదండీ."

"మూఢం కూడా అండి."

"నాకు పట్టింపు లేదండీ!"

"నాకుందండి" అన్నాడు ఆయన, ఎంతో మర్యాదగా. "అన్నం పెట్టే వస్తువు కదండీ. మూఢంలో కొంటే సీజనంతా దెబ్బతింటాదండి. అది వెళ్ళాక కొంటానండి."

నాలుగుసార్లు తిప్పి పంపిన మనిషిని నేను ఆ పూట బతిమాలుకున్న తీరు ఎవరైనా చూసి ఉంటే జాలిపడేవారు. ఆయనే చివరికి దారి చెప్పాడు. "పోనీ ఒక పని చేద్దామండి. కొననండి. ఊరికే మా ఇంట్లో దాచిపెడతానండి. మూఢం వెళ్ళాక కొన్నట్టు." అరగంటలో ఆటో తీసుకుని వచ్చాడు.

ఒక్కోటీ తీసి ఇస్తూ, దీనికి ఈ మూత, దానికి ఈ గుడ్డ, ఈ గుళికలు, ఈ బ్రష్షు అంటూ అడగనివన్నీ పెట్టాను. ఏడు సంచులూ ఇచ్చాను, బీరువాలో బల్బు కూడా విప్పి ఇచ్చాను. మిగిలిన కాజాలు పొట్లం కట్టి ఇచ్చాను. "సారె బాగా పెడుతున్నారండి" అన్నాడు ఆయన నవ్వుతూ. ఒక కెమెరా, ఒక చిన్న లెన్సు మాత్రం అట్టేపెట్టుకున్నాను. ఆటో మలుపు తిరిగేదాకా గుమ్మంలో నిలబడి, తర్వాత లోపలికి వచ్చి చూస్తే మధ్యగది ఎంత పెద్దదో అప్పుడు తెలిసింది.

మర్నాడు పొద్దున్నే బస్సెక్కి మొగల్తూరు వెళ్ళాను. అత్తగారు పెరట్లో అరుగు మీద పాపకి నూనె రాస్తున్నారు. గది ఖాళీ చేశానని చెప్పాను. ఆవిడ చెయ్యి ఆగింది.

"మూఢం కదా బాబూ" అన్నారు మళ్ళీ. తల ఎత్తలేదు. "అక్కడ మధ్యగదిలో గాలి ఆడుతుందా? నీళ్ళు కాచి పెడతారా? తలకి నూనె ఇలా మధ్యలో అద్దాలి, మీ ఆవిడకి తెలీదు. రాత్రి ఉలిక్కిపడుతుంది, గుండె మీద చెయ్యి వేసి ఉంచాలి..."

ఆవిడ అడుగుతూనే ఉన్నారు. కొవ్వూరు ఆయన్ని నేను కూర్చోబెట్టి అడిగిన తీరూ ఇదే. నాకు ఆవిడ మీద ఉన్న కోపమంతా ఎటుపోయిందో తెలియదు.

"అత్తయ్యగారూ, ఆ మంగళవారాలూ అమావాస్యలూ అన్నీ అబద్ధాలండి. ఇవ్వలేక చెప్పాను. చేతులు రాలేదు" అన్నాను.

ఆవిడ పాప పాదాన్ని గుప్పిట్లో పట్టుకున్నారు. "నాకు మాత్రం తెలీదా బాబూ. తెలిసే మీతో కలిసి ఆడాను" అన్నారు. పైట చెంగుతో కళ్ళు తుడుచుకుని, "ఇది లేకపోతే ఈ ఇంట్లో నాకేం పనుంది చెప్పండి" అన్నారు. లోపల గుమ్మం దగ్గర మా ఆవిడ నిలబడి ఉంది.

అప్పటిదాకా పేపరు చదువుకుంటున్న మామగారు కళ్ళజోడు తీశారు. "పంపడం కదా మూఢంలో కూడదు? పాపకి టీకా వేయించాలి. రాజమండ్రిలో మంచి డాక్టరున్నాడు. టీకాకి వెళ్ళి రెండు రోజులుండి వచ్చేస్తే అది పంపినట్టెలా అవుతుంది? నువ్వూ వెళ్ళు తోడుగా" అన్నారు అత్తగారితో. అత్తగారు ఆయన వంక చూసి, నా వంక చూసి, పాపకి స్నానం చేయించడానికి లేచారు. మధ్యాహ్నానికల్లా కారు కుదిరింది. టీకాకి రెండు రోజులకి వెళ్ళేవాళ్ళు సాధారణంగా ఉయ్యాల, మంచం, కొబ్బరినూనె డబ్బా, రెండు బస్తాల బియ్యం పట్టుకెళ్ళరని కారు డ్రైవరు అన్నాడుగానీ ఎవరూ వినిపించుకోలేదు.

ఇంటికొచ్చి, స్టూలెక్కి, కొక్కేనికి ఉయ్యాల కట్టాను. దాని పక్కనే అత్తగారి మంచం వేశాక మధ్యగదిలో ఇంకెవరికీ చోటు లేదు. నాకు హాల్లో చాప. అప్పుడు మా ఆవిడ పాపని తెచ్చి నా చేతుల్లో పెట్టింది. అది నా మొహం వంక కళ్ళార్పకుండా చూసింది. కింది పెదవి బయటికి వచ్చింది. ఇల్లు ఎగిరిపోయేలా ఏడుపు మొదలెట్టింది.

"కొత్త మొహం కదా బాబూ" అన్నారు అత్తగారు, నన్ను ఓదార్చాలనే. నేను పాపని ఆవిడకిచ్చేసి వరండాలోకి వెళ్ళి నిలబడ్డాను. సొంత కూతురికి కొత్త మొహాన్ని నేను.

ఉన్న సెలవులన్నీ పెట్టేసి పది రోజులు ఉయ్యాల తాడు పట్టుకుని కూర్చున్నాను. నేను కనిపిస్తే ఏడ్చేది, తాడు ఆపితే కూడా ఏడ్చేది. అందుకని గోడ వైపు తిరిగి ఊపేవాణ్ణి. పదకొండో రోజు మధ్యాహ్నం, అత్తగారు డాబా మీద వడియాలు పెడుతున్నారు, మా ఆవిడ వంటింట్లో ఉంది, పాప నిద్ర లేచింది. నేను భయపడుతూ వెనక్కి తిరిగాను. అది చూసింది. పెదవి కాస్త కదిలింది, ఏడుపేనని సిద్ధపడ్డాను. బోసినోరంతా తెరిచి నవ్వి, రెండు చేతులూ నా వైపు చాచింది.

ఆ తర్వాత మూఢం వెళ్ళింది, కొవ్వూరు ఆయన సామాను కొన్నాడు, అత్తగారు కళ్ళు తుడుచుకుంటూ మొగల్తూరు వెళ్ళి వారం తిరక్కుండా మళ్ళీ వచ్చారు. ఆ పాప ఇప్పుడు తొమ్మిదో తరగతి. ఈమధ్య పాత ఆల్బం తిరగేస్తూ, "నీకు ఒకప్పుడు కెమెరాల పిచ్చట కదా నాన్నా, మరి నా చిన్నప్పటి ఫోటోలు ఇంత తక్కువున్నాయేంటి?" అని నిలదీసింది.

"చేతులు ఖాళీ ఉండేవి కాదమ్మా" అన్నాను.

అది నమ్మలేదు. వంటింట్లోంచి వాళ్ళమ్మ నవ్వు మాత్రం వినిపించింది.